‘ఎమ్మా’ సినిమా: తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో మేము కొందరం నెలకొక ఆదివారం సాయంత్రం ఒక మిత్రుని ఇంటి మేడమీది హాల్లో కూర్చుని సినిమా చూసి, ఆ తర్వాత చాయ్ తాగుతూ దాని గురించి మాట్లాడుకుంటాం. 2020లో వచ్చిన ‘ఎమ్మా’ను ఇప్పటికి మూడుసార్లు వేశాం. మూడుసార్లూ మనుషులు మారారు కాని సందేహాలు మారలేదు. అందుకే వాటిని అడిగినవారి మాటల్లోనే రాసి, జవాబులు ఇక్కడ ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. కథ ముందుగా తెలియకూడదనుకునేవారు మొదటి భాగం మాత్రం చదివి సినిమాకు కూర్చోవడం మంచిది.

## చూడబోయే ముందు

‘ఎమ్మా’ పేరుతో చాలా ఉన్నాయి కదా, మీరు చెప్పేది ఏది?

ఆటమ్ డి వైల్డ్ దర్శకత్వంలో, అన్యా టేలర్ జాయ్ నాయికగా 2020 ఫిబ్రవరిలో విడుదలైన బ్రిటిష్ చిత్రం గురించి ఈ పేజీలో మాట్లాడుతున్నాం. నిడివి 2 గంటల 4 నిమిషాలు. ఫొటోగ్రాఫర్‌గా, సంగీత వీడియోల దర్శకురాలిగా పేరు తెచ్చుకున్న డి వైల్డ్‌కు ఇదే మొదటి పూర్తి నిడివి చిత్రం. స్క్రీన్‌ప్లే రాసిన ఎలినార్ కాటన్ 2013లో బుకర్ బహుమతి పొందిన నవలా రచయిత్రి. జేన్ ఆస్టిన్ రాసిన మూల నవల 1815 డిసెంబరులో వెలువడింది, అయితే ముఖపత్రం మీద 1816 అని అచ్చయింది. సినిమా థియేటర్లలో ఆడుతుండగానే కరోనా వచ్చి హాళ్ళు మూతపడ్డాయి కనుక, మనలో చాలామంది దీన్ని మొదటిసారి ఇంట్లోనే చూశారు.

కథ రెండు ముక్కల్లో చెప్పండి, ముగింపు చెప్పొద్దు.

ఎమ్మా ఉడ్‌హౌస్ అనే యువతికి ఇరవై ఒకటో ఏడు నడుస్తుంటుంది. అందం, తెలివి, ఆస్తి ఉన్నాయి, తల్లి లేదు, అడ్డు చెప్పే మనిషీ లేడు. తనకు చిన్ననాటి నుంచి చదువు చెప్పిన మిస్ టేలర్‌కు, పక్క ఊరంత దూరంలో ఉండే వెస్టన్ గారికి పెళ్ళి జరగడం తన చలువేనని ఆమె నమ్ముతుంది. ఆ నమ్మకంతో, తల్లిదండ్రులెవరో తెలియని హ్యారియెట్ స్మిత్ అనే పదిహేడేళ్ళ అమ్మాయికి సంబంధం కుదర్చడానికి పూనుకుంటుంది. ఎవరి మనసులో ఎవరున్నారన్న విషయంలో ఆమె వేసిన ప్రతి లెక్కా తప్పుతుంది. ఆ తప్పుల వరుసే ఈ సినిమా.

నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. అర్థమవుతుందా?

అర్థమవుతుంది, కాకపోతే మొదటి పదిహేను నిమిషాలు ఓపిక పట్టాలి. రెండు వందల ఏళ్ళ కిందటి మర్యాదపు ఇంగ్లీషు కాబట్టి, ఇంగ్లీషు బాగా వచ్చినవారికి కూడా మొదట్లో తడబాటు తప్పదు. సబ్‌టైటిల్స్ తప్పకుండా పెట్టుకోండి. మేము మొదటిసారి అవి లేకుండా వేసి, విరామం వచ్చేసరికి సగం మందిని చాయ్ బల్ల దగ్గరికి పోగొట్టుకున్నాం. హాస్యంలో పెద్ద భాగం చూపుల్లో, నడకలో, నౌకర్లు తలుపు తీసే తీరులో ఉంటుంది కనుక, ఒక వాక్యం జారిపోయినా దృశ్యం చేజారదు.

అమ్మానాన్నలతో కలిసి చూడవచ్చా?

నిస్సంకోచంగా చూడవచ్చు. మొదట్లో ఎమ్మా వాళ్ళ చుట్టం నైట్లీ బట్టలు మార్చుకునే చోట అతను క్షణకాలం వెనుక నుంచి నగ్నంగా కనిపిస్తాడు, మరొకచోట ఎమ్మా చలి కాచుకోవడానికి గౌను కొంచెం పైకెత్తుతుంది. ఇబ్బంది పడాల్సిన చోట్లు ఆ రెండే. బిగువైన దుస్తులు, కొలిచినట్టు మర్యాదలు చూపించిన తర్వాత, వాటి లోపల ఉన్నవి మామూలు ఒళ్ళే అని చెప్పడానికి దర్శకురాలు ఆ రెండు దృశ్యాలు పెట్టినట్టు నాకు తోస్తుంది.

పోస్టరు మీద పేరు పక్కన చుక్క ఎందుకుంది?

అది అచ్చుతప్పు కాదు, అధికారిక పేరులోనే ఉంది. ఇంగ్లీషులో వాక్యాంత బిందువునూ, పాతకాలపు నేపథ్యంతో తీసే చిత్రాన్నీ ‘పీరియడ్’ అనే అంటారు. ఆ శ్లేష కోసమే చుక్క.

## చూస్తున్నప్పుడు

ఎవరు ఎవరికి ఏమైతరు? పేర్లు కలిసిపోతున్నయి.

ఎమ్మా ఇల్లు హార్ట్‌ఫీల్డ్, ఊరు హైబరీ. నవల లెక్కలో అది లండన్‌కు 16 మైళ్ళ దూరంలో, సర్రీ అనే ప్రాంతంలో ఉన్న కల్పిత గ్రామం. ఎమ్మా తండ్రి ఉడ్‌హౌస్ గారు, అక్క ఇసబెల్లా. అక్క భర్త జాన్ నైట్లీ, అతని అన్న జార్జ్ నైట్లీ. అందరూ ‘మిస్టర్ నైట్లీ’ అని పిలిచేది ఈ అన్ననే, ఇతని భవనం పేరు డాన్వెల్ అబ్బీ. ఎల్టన్ ఊరి చర్చి గురువు. మిస్ బేట్స్ పాత చర్చి గురువు కూతురు, పెళ్ళి కాలేదు, ముసలి తల్లితో కలిసి ఇరుకు గదుల్లో ఉంటుంది. జేన్ ఫెయిర్‌ఫాక్స్ ఆమె అక్కచెల్లెలి కూతురు, తల్లీతండ్రీ లేరు. ఫ్రాంక్ చర్చిల్ వెస్టన్ గారికి మొదటి భార్య వల్ల కలిగిన కొడుకు. మేనమామ ఇంట పెరిగి వారి ఇంటిపేరు పెట్టుకున్నాడు కనుక తండ్రి వెస్టన్, కొడుకు చర్చిల్ అయ్యారు. మన దగ్గర దత్తత పోయినవారి ఇంటిపేరు మారినట్టే ఇదీను.

ఎమ్మాకు పనీపాటా లేదా? ఇంత దర్జా ఎక్కడి నుంచి వస్తుంది?

లేదు, కథంతా అక్కడి నుంచే పుడుతుంది. ఎమ్మా పేరిట 30,000 పౌండ్ల ఆస్తి ఉంది. ఆ కాలపు ప్రభుత్వ బాండ్లు నూటికి నాలుగైదు చొప్పున వడ్డీ ఇచ్చేవి. అంటే అసలు కదలకుండా ఏడాదికి పన్నెండు నుంచి పదిహేను వందల పౌండ్లు ఇంటికి వస్తాయి. ఆస్టిన్ ఇతర నవలల్లోని నాయికలలో చాలామందికి పెళ్ళి అంటే ముందు కూడూ గూడూ ప్రశ్న. ఎమ్మాకు ఆ అవసరం లేదు. తనకు పెళ్ళి అక్కరలేదని ధైర్యంగా అనగలిగేది అందుకే, ఇతరుల పెళ్ళిళ్ళు కాలక్షేపం అయ్యేదీ అందుకే. ఆమెకు సమానమైన స్నేహితులు ఊళ్ళో లేరు, సముద్రం ఎన్నడూ చూడలేదు, 7 మైళ్ళ దూరంలో ఉన్న బాక్స్ హిల్‌కు కూడా అప్పటిదాకా పోలేదు. 7 మైళ్ళంటే మన లెక్కలో కాజీపేట నుంచి వరంగల్ స్టేషను దాకా పోయి ఇంకొంత ముందుకు పోయినంత.

రాబర్ట్ మార్టిన్ మంచోడే కదా, హ్యారియెట్‌ను ఎందుకు వద్దని చెప్పిస్తది?

మా హాల్లో ఈ ప్రశ్న వేసినవారంతా కోపంతోనే వేశారు, ఆ కోపం న్యాయమైనదే. మార్టిన్‌ది ఇరవై నాలుగేళ్ళ వయసు, నైట్లీ భూమి కౌలుకు చేస్తాడు, వ్యవసాయ నివేదికలు తెప్పించుకుని చదువుతాడు, అతను రాసిన ఉత్తరం చూసి ఎమ్మాయే అందులో తప్పు పట్టలేక ఆశ్చర్యపోతుంది. అయినా వద్దంటుంది. ఆమె తర్కం వినడానికి విచిత్రంగా ఉంటుంది. మరీ పేదవారైతే బుట్టలో రొట్టెలు పెట్టుకుని పోయి సాయం చేయవచ్చు, తన స్థాయివారైతే రాకపోకలు పెట్టుకోవచ్చు, ఈ రైతు ఆ రెంటికీ మధ్యన ఉన్నాడు కనుక అతనితో తనకు పనే లేదు. హ్యారియెట్ అతన్ని చేసుకుంటే ఆ ఇంటికి తాను పోలేదు, అంటే స్నేహితురాలిని పోగొట్టుకుంటుంది. కాబట్టి ఆ నిరాకరణలో హ్యారియెట్ మేలు ఎంతో, ఎమ్మా స్వార్థం అంతకు మించి ఉంది.

మన ప్రాంతంవారికి ఇక్కడ ఇంకో తికమక కూడా కలుగుతుంది. దొర, కౌలుదారు అనగానే మనకు గడీ ముందు చేతులు కట్టుకుని నిలబడిన మనిషి గుర్తుకు వస్తాడు. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం దాకా సాగిన పోరాటాలను పెద్దల నోట విన్నవాళ్ళం కదా. ఇంగ్లండులో భూస్వామికీ కౌలు రైతుకూ మధ్య అంతరం చిన్నదని కాదు, కాని మార్టిన్ లాంటి రైతు చేతిలో పెద్ద కమతం, పనివాళ్ళు, చదువు ఉంటాయి. నైట్లీ అతన్ని కూర్చోబెట్టి మాట్లాడతాడు, పెళ్ళి విషయంలో అతను నైట్లీ సలహా అడుగుతాడు. హ్యారియెట్ వద్దన్నదని తెలిసినప్పుడు నైట్లీకి అంత కోపం రావడానికి కారణం అదే.

ఎల్టన్‌కు హ్యారియెట్ మీద ఇష్టమని ఎమ్మా ఎట్లా అనుకుంది? మాకు మొదటి నుంచీ తెలుస్తూనే ఉంది.

మనకు తెలియాలనే తీశారు. ఎమ్మా హ్యారియెట్ బొమ్మ గీస్తే ఎల్టన్ పొంగిపోయి, దానికి చట్రం కట్టించడానికి స్వయంగా లండన్ పోతాడు. అతను మెచ్చుకున్నది బొమ్మలోని మనిషిని అని ఎమ్మా అనుకుంటుంది, నిజానికి అతను మెచ్చుకున్నది గీసిన చేతిని. తర్వాత అతను ఒక పొడుపు పద్యం రాసిస్తాడు. మొదటి సగం ‘కోర్ట్’, అంటే రాజసభ. రెండో సగం ‘షిప్’, అంటే ఓడ. రెండూ కలిపితే ‘కోర్ట్‌షిప్’, అంటే పెళ్ళి ఉద్దేశంతో వెంట తిరగడం. పొడుపును ఎమ్మా క్షణంలో విప్పుతుంది, అది ఎవరిని ఉద్దేశించిందో మాత్రం పట్టుకోలేకపోతుంది. ఎల్టన్ కూడా ఎమ్మా చూపించే మర్యాదను తన పట్ల మొగ్గుగా లెక్కవేసుకున్నాడు. క్రిస్మస్ ముందురోజు రాత్రి బండిలో ఇద్దరి లెక్కలూ ఒకేసారి తప్పుతాయి. ఎల్టన్‌గా వేసిన జోష్ ఓకానర్ ఆ దృశ్యంలో చూపించిన ఉడుకుమోతుతనం నాకు ఈ సినిమాలో అన్నిటికంటే ఎక్కువగా నచ్చింది.

ఫ్రాంక్ ఉట్టి కటింగ్ కోసం లండన్ పోతడా?

పోయానని చెప్తాడు, ఊరంతా నవ్వుకుంటుంది. రానూపోనూ 32 మైళ్ళు, గుర్రం మీద ఒక రోజు పని. హన్మకొండలో ఇన్ని సెలూన్లు ఉండగా జుట్టు కత్తిరించుకోవడానికి హైదరాబాద్ పోయివచ్చానని ఎవరైనా అంటే మనం ఏమనుకుంటామో ఆ ఊరివాళ్ళూ అదే అనుకున్నారు. కుర్రవాడు కొంచెం సోకులరాయుడు అని సరిపెట్టుకున్నారే తప్ప, ఇంకేం పని ఉండి ఉంటుందని ఎవరూ ఆరా తీయలేదు.

జేన్‌కు పియానో వస్తే ఊరంతా అంత గుసగుసలాడాలా?

ఆడాల్సిందే మరి. అది బ్రాడ్‌వుడ్ కంపెనీ పియానో, ఖరీదైన వస్తువు, పంపినవారి పేరు లేదు, వచ్చింది మేడమీది ఇరుకు గదుల్లో ఉంటున్న పేద ఇంటికి. పెళ్ళికాని పిల్లకు ఎవరో పేరు చెప్పకుండా అంత కానుక పంపారంటే అది ఈ రోజుకు కూడా మన వీధుల్లో వారం రోజుల ముచ్చట అవుతుంది. దానికి తోడు జేన్ పరిస్థితి సున్నితమైనది. ఆస్తి లేదు, చదువూ సంగీతమూ ఉన్నాయి, కాబట్టి ఆమె ముందున్న దారి ఏదో ఒక ధనవంతుల ఇంట్లో ఉండి పిల్లలకు చదువు చెప్పడమే. నవలలో జేన్ అటువంటి ఉద్యోగాలు కుదిర్చే కార్యాలయాలను మనుషుల శరీరాలను కాక తెలివిని అమ్మే చోట్లుగా వర్ణిస్తుంది. నవ్వుల కథలో ఆ మాట ఒక్కసారిగా బరువుగా పడుతుంది.

ఎమ్మా తండ్రి ఎప్పుడు చూసినా గాలి, చలి అంటాడేమిటి?

ఉడ్‌హౌస్ గారికి నిజంగా రోగమేమీ లేదు, రోగం వస్తుందన్న భయమే ఉంది. పెళ్ళి విందులో కేకు తింటే అరగదని, పలుచని జావ మాత్రమే మేలని అతిథులకు నచ్చజెప్పే మనిషి. బిల్ నై ఆ పాత్రను మాటలకంటే ఎక్కువగా తెరలతో నడిపించాడు. ఎక్కడో గాలి తగిలిందనగానే ఇద్దరు నౌకర్లు చెక్క తెరలు మోసుకొచ్చి చుట్టూ నిలబెట్టడం చూడండి. ఆ పెద్దమనిషి పెళ్ళి అనేదాన్నే ద్వేషిస్తాడు, ఎందుకంటే పెళ్ళి అయినప్పుడల్లా ఇంట్లోంచి ఒక మనిషి తగ్గిపోతుంది.

ఎర్ర దుస్తుల్లో వరుసగా నడిచే అమ్మాయిలు ఎవరు?

హ్యారియెట్ ఉండే గొడార్డ్ గారి బడి పిల్లలు.

## చూసిన తర్వాత

బాక్స్ హిల్ మీద ఒక్క మాట అన్నందుకు అంత రాద్ధాంతమా?

అందరూ కొండమీద కూర్చుని విసుగెత్తి ఉంటారు. ప్రతి ఒక్కరూ ఒక చమత్కారమైన మాట గాని, రెండు ఓ మోస్తరు మాటలు గాని, మూడు చప్పటి మాటలు గాని చెప్పాలని ఫ్రాంక్ ఆట పెడతాడు. మిస్ బేట్స్ తన మీద తానే నవ్వుకుంటూ, నోరు తెరిస్తే చప్పటి మాటలు మూడు వాటంతటవే వస్తాయని అంటుంది. ఎమ్మా వెంటనే, కష్టమేమిటంటే ఒకసారికి మూడే అని హద్దు ఉంది కదా అంటుంది.

మాట చిన్నదే. నవ్వు కూడా వస్తుంది, మా హాల్లో మూడుసార్లూ కొందరు నవ్వారు, తర్వాత మిస్ బేట్స్ ముఖం చూసి నవ్విన తమ నోళ్ళు తామే మూసుకున్నారు. మిరాండా హార్ట్ ఆ ముఖంలో చూపించినది అవమానం కాదు, అవునా, నేను అందరినీ ఇంతగా విసిగిస్తున్నానా అన్న గ్రహింపు. తర్వాత నైట్లీ చెప్పే లెక్క ఇది: ఆమె నీతో సమానంగా ఉన్న మనిషి అయితే నేను ఊరుకునేవాణ్ణి, కాని ఆమె పేదరాలు, పుట్టినప్పటి స్థితి నుంచి కిందికి జారింది, ఇంకా జారుతుంది, నువ్వు పసిపిల్లగా ఉన్నప్పుడు ఆమె నిన్ను పలకరిస్తే అది నీకు గౌరవంగా ఉండేది. నువ్వు చేసింది చూసి మిగతావాళ్ళు కూడా ఆమెను అట్లాగే చూస్తారు. పెళ్ళి సంబంధాల విషయంలో ఎమ్మా చేసిన తప్పులన్నీ తెలియక చేసినవి, ఇది ఒక్కటి తెలిసి చేసింది. అందుకే నా దృష్టిలో ఈ సినిమాకు కేంద్రం ఈ దృశ్యమే, చివరి పెళ్ళి ప్రస్తావన కాదు.

నైట్లీ ఆమెకు అన్నలాంటోడు కదా? వయసు తేడా కూడా చాలా ఉంది.

ఈ సందేహం ఇంగ్లీషువారికి వస్తే అర్థముంది, మనకు రావడమే నాకు వింతగా ఉంటుంది. అక్క మొగుడి అన్న అంటే మన వరుసలో బావే. ఇద్దరు అక్కచెల్లెళ్ళను ఒకే ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములకు ఇచ్చి, అక్కచెల్లెళ్ళే యారాండ్లు కావడం మన ఊళ్ళల్లో చూస్తూనే ఉంటాం. ఇంగ్లీషు భాషలో అక్క భర్తను, అతని వైపువారిని చట్టరీత్యా అన్నదమ్ములు అన్నట్టే పిలుస్తారు కనుక, ఆ మాట ఇద్దరికీ అడ్డు వస్తుంది. క్రౌన్ సత్రంలో నృత్యం జరిగిన రాత్రి ఎమ్మా, మనం మరీ అన్నాచెల్లెళ్ళం కాదు కదా, కలిసి నర్తించడం తప్పేమీ కాదు అన్నప్పుడు, నైట్లీ కాదు గాక కాదు అన్నట్టు జవాబిస్తాడు. అతని ప్రేమ బయటపడిన మొదటి క్షణం అదే.

వయసు తేడా 16 ఏళ్ళు, అది నవలలోనే ఉంది. ఈ సినిమాలో జానీ ఫ్లిన్ కుర్రతనం వల్ల ఆ తేడా అంతగా కనపడదు, నైట్లీ బోధించే గురువులా కాక తడబడే ప్రేమికుడిలా కనిపిస్తాడు. నవల ఇష్టపడే మా మిత్రురాలు, జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మేడమ్, ఈ మార్పును ఇప్పటికీ ఒప్పుకోరు.

ప్రేమ చెప్పుకునే చోట ముక్కులోంచి రక్తం కారడం ఏమిటి? నవలలో ఉందా?

నవలలో లేదు, సినిమావారి కల్పన. ఆ క్షణంలో ఎమ్మా మనసులో ఒకేసారి రెండు ఉన్నాయి. తాను కోరుకున్న మనిషి తనను కోరుకుంటున్నాడన్న సంతోషం ఒకటి, అదే మనిషి మీద హ్యారియెట్ తన మాటల వల్లే ఆశ పెంచుకుందన్న నేరభావం మరొకటి. దాన్ని మాటల్లో పెడితే ఉపన్యాసం అవుతుంది, ముక్కు రక్తంలో పెడితే నవ్వూ జాలీ కలిసి వస్తాయి. నాకు నచ్చింది, మా హాల్లో సగం మందికి నచ్చలేదు.

పెండ్లయినంక మొగుడే వచ్చి పిల్ల ఇంట్ల ఉండుడేంది? ఇల్లుటమా?

సరిగ్గా అదే. తండ్రిని ఒంటరిగా వదిలి రాలేనని ఎమ్మా అంటే, డాన్వెల్ అబ్బీ అంత భవనం ఉన్న నైట్లీ తానే హార్ట్‌ఫీల్డ్‌కు వచ్చి ఉంటానంటాడు. మన దగ్గర ఇల్లుటపు అల్లుడికి ఉండే లోకువ అందరికీ తెలిసిందే, ఆస్తి లేనివాడే ఇల్లుటం పోతాడని నానుడి. ఊళ్ళోకెల్లా పెద్ద భూస్వామి, ఏ అవసరమూ లేకుండా, మామగారి జావ గిన్నెల మధ్య బతకడానికి ఒప్పుకోవడం ఆ కాలానికి చిన్న విషయం కాదు. అతను చెప్పిన నీతులన్నిటికంటే ఈ ఒక్క పనే అతన్ని నాకు దగ్గర చేసింది.

నవలలో మరో సరదా ఉంది. ఉడ్‌హౌస్ గారు పెళ్ళికి ఎంతకూ ఒప్పుకోడు. ఇంతలో ఒక రాత్రి వెస్టన్ వారి కోళ్ళగూడులోంచి టర్కీ కోళ్ళను దొంగలు ఎత్తుకుపోతారు. ఇంట్లో ఒక బలమైన మగమనిషి ఉంటే మేలు కదా అని ఆయన అప్పుడు వెంటనే సరేనంటాడు.

అయితే ఎమ్మా మన పెళ్ళిళ్ళ పేరయ్య లాంటిదేనా?

మా వీధిలో సంబంధాలు చూసే పెద్దమనిషి ఒకాయన రెండోసారి వేసినప్పుడు వచ్చి కూర్చున్నారు. సినిమా అయిన తర్వాత ఆయన ఒక్క మాట అన్నారు: ‘ఈ పిల్ల వాకబు చెయ్యదు బిడ్డా.’ నేను ఈ సినిమా గురించి చదివినవాటిలో గాని విన్నవాటిలో గాని ఇంతకంటే సూటి విమర్శ లేదు.

మన దగ్గర మధ్యవర్తి పని ఎట్లా సాగుతుందో ఆలోచించండి. ఇరువైపుల ఇళ్ళూ తెలిసి ఉండాలి, పిల్లవాడి పని దగ్గర అడగాలి, పిల్ల మేనమామను కదపాలి, పాత సంబంధం ఏదైనా తప్పిపోతే ఎందుకు తప్పిందో తెలుసుకోవాలి, ఆ తర్వాతే ఎవరి ముందైనా పేరెత్తాలి. ఈ పద్ధతిలో కులం, కట్నం లెక్కలు ముందుకు వచ్చి మనసులు వెనక్కి పోతాయన్న ఆరోపణ నిజమే, ఆ పెద్దమనిషి కూడా దాన్ని కాదనరు. కాని ఎవరి అభిప్రాయం ఏమిటో ఒకసారైనా అడగడం అందులో తప్పనిసరి. ఎమ్మా ఎవరినీ అడగదు. ఎల్టన్‌ను అడగదు, మార్టిన్ ఇంటికి పోదు, నృత్యంలో నైట్లీ చేయి అందించిన తర్వాత హ్యారియెట్ తలచుకుంటున్నది ఎవరినో పేరు కూడా చెప్పించుకోదు, ఫ్రాంక్ అని తానే అనుకుంటుంది. మిస్ టేలర్ పెళ్ళి విషయంలో కూడా ఆమె చేసింది ఏమీ లేదు, అది అదృష్టం కొద్దీ నిజమైన ఊహ మాత్రమేనని నైట్లీ మొదట్లోనే అంటాడు. కథ ముగిసేసరికి మూడు జంటలు కుదురుతాయి, ఎల్టన్ బాత్ అనే ఊరి నుంచి పదివేల పౌండ్ల పెళ్ళికూతురిని తెచ్చుకున్నది కలిపితే నాలుగు. వీటిలో ఎమ్మా కుదిర్చినది ఒక్కటి కూడా లేదు.

చివర్లో ఎమ్మా మార్టిన్ దగ్గరికి పోయి మాట్లాడుతుంది, అది నవలలోనూ అంతేనా?

కాదు. నవలలో నైట్లీ మార్టిన్‌ను కాగితాల పని మీద లండన్‌లోని తన తమ్ముడి ఇంటికి పంపుతాడు, ఆ సమయంలో హ్యారియెట్ అక్కడ ఉంటుంది, ఆమెను మార్టిన్ మళ్ళీ అడుగుతాడు, కథ సుఖాంతమవుతుంది. ఎమ్మా ప్రమేయం ఉండదు. సినిమాలో ఆమె స్వయంగా పోయి తన తప్పు ఒప్పుకుంటుంది. ఈ మార్పు నాకు మూలం కంటే బాగుందనిపించింది, ఎందుకంటే చెడగొట్టిన మనిషే గడప తొక్కాలి.

## నవల, ఇతర సినిమాలు

ఈ నవలను ఇంకెవరెవరు తీశారు? హిందీలో ఉందా?

1995లో ఏమీ హెకర్లింగ్ ‘క్లూలెస్’ పేరుతో కథను అమెరికాలోని బెవర్లీ హిల్స్ హైస్కూలుకు మార్చారు. 1996లో డగ్లస్ మెక్‌గ్రాత్ దర్శకత్వంలో గ్వినెత్ పాల్ట్రో నటించిన ‘ఎమ్మా’ వచ్చింది, దాని సంగీతానికి రేచల్ పోర్ట్‌మన్ ఆస్కార్ అందుకున్నారు. 2009లో బీబీసీ రొమోలా గరాయ్‌తో నాలుగు భాగాల ధారావాహిక తీసింది. హిందీలో 2010లో రాజశ్రీ ఓఝా దర్శకత్వంలో సోనమ్ కపూర్, అభయ్ దేవల్ నటించిన ‘ఆయిషా’ ఢిల్లీ సంపన్నుల మధ్య నడుస్తుంది. వీటిలో ‘క్లూలెస్’ అన్నిటికంటే తేలికగా కనిపిస్తూ అన్నిటికంటే నవలకు దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం. ‘ఆయిషా’లో బట్టలు గుర్తున్నంతగా మనుషులు గుర్తుండరు.

2020 సినిమాకు అవార్డులు వచ్చాయా?

దుస్తుల రూపకల్పనకు, మేకప్ మరియు కేశాలంకరణకు ఆస్కార్ నామినేషన్లు రెండు వచ్చాయి. బహుమతి రాలేదు.

నవల చదవాలనుంది. కష్టమా?

55 అధ్యాయాలు, మొదట మూడు సంపుటాలుగా వచ్చింది. ముఖపత్రం మీద రచయిత్రి పేరు లేదు, ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ మొదలైనవి రాసినవారు అని మాత్రమే ఉంది. అప్పటి యువరాజుకు అంకితమిచ్చారు, అదీ ఆయన వైపు నుంచి సూచన వచ్చిన తర్వాత. కాపీహక్కుల గడువు ఎప్పుడో ముగిసింది కాబట్టి ఇంటర్నెట్‌లో చట్టబద్ధంగా ఉచితంగా దొరుకుతుంది. రోజుకు ఒక అధ్యాయం చొప్పున చదివితే రెండు నెలలు పట్టదు. మిస్ బేట్స్ మాట్లాడే చోట్ల కామాలు, అడ్డగీతలు తప్ప పూర్ణవిరామాలు కనబడవు, అక్కడ చాలామంది పేజీలు తిప్పేస్తారు. తిప్పవద్దు.

రెండోసారి చదవాల్సిన నవల అంటారు, ఎందుకని?

ఫ్రాంక్‌కూ జేన్‌కూ ముందే రహస్యంగా నిశ్చయమైందని చివర్లో తెలుస్తుంది. పియానో పంపినది అతనే, క్షవరం పేరుతో లండన్ పోయింది దానికే. మొదటిసారి చదువుతున్నప్పుడు మనం ఎమ్మా కళ్ళతో చూస్తాం కనుక మనకూ పట్టదు. రెండోసారి చదివితే ఆధారాలన్నీ బల్లమీద పరిచి ఉన్నట్టు కనిపిస్తాయి. నాకు ఇష్టమైనది ఇది: ఊరి వైద్యుడు పెరీ సొంత బండి కొనే ఆలోచన ఏమైందని ఒకరోజు ఫ్రాంక్ యథాలాపంగా అడుగుతాడు. ఆ సంగతి ఎవరికీ తెలియదు. నువ్వే ఉత్తరంలో రాశావు కదా అని అతను మిసెస్ వెస్టన్‌తో అంటాడు, తాను రాయలేదని ఆమె అంటుంది, అయితే కల వచ్చి ఉంటుందని అతను నవ్వేస్తాడు. వెనక నడిచి వస్తున్న మిస్ బేట్స్ అప్పుడు తన ధోరణిలో చెప్పుకుపోతుంది: పెరీ భార్య ఆ మాట మా అమ్మకు చెప్పింది, అది రహస్యం, మా ఇంట్లో జేన్‌కూ తెలుసు. అంటే ఫ్రాంక్‌కు ఉత్తరాలు రాస్తున్నది ఎవరో ఆమె నడివీధిలో అందరి ముందూ చెప్పేసింది. నైట్లీకి ఒక్కడికే అనుమానం వస్తుంది. మిగిలినవారంతా ఆమె మాట్లాడుతుంటే ఎప్పుడూ చేసే పనే చేస్తూ, హార్ట్‌ఫీల్డ్ గేటు వైపు నడుచుకుంటూ పోతారు.